పుట్టినరోజు విందులు : పడని పదార్థములు

పూర్వము మన యిండ్లలో పిల్లల పుట్టినరోజనగా తెల్లవారుజామున తలంటి నీళ్లుపోసి, కొత్తబట్టలు తొడిగి, పెద్దలచేత అక్షతలు వేయించి, పరమాన్నము వండి యింటిల్లిపాదియు భుజించుటయే. నేడా పండుగ సాయంకాలమునకు మారినది. మేడమీదనో, అపార్టుమెంటు క్రింది హాలులోనో బుడగలు కట్టి, కేకు తెప్పించి, బడిలోని స్నేహితులను, ఇరుగుపొరుగు పిల్లలను ఇరువది ముప్పదిమందిని పిలుచుచున్నాము. ఈ మార్పు మంచిదా చెడ్డదా యని తర్కించుట కీ నెల మేము పూనుకొనలేదు. పిల్లలు పదిమందితో కలసి సంతోషించుట యెన్నటికిని మంచిదే. కాని యీ మార్పుతోపాటు గృహిణి కొక కొత్త బాధ్యత వచ్చినది. ఇంటివారే తినునపుడు ఎవరి కేది పడునో, ఏది పడదో తల్లికి తెలిసియుండెడిది. పరుల బిడ్డలు ముప్పదిమంది వచ్చి కూర్చున్నపుడు వారిలో నొక బిడ్డకు పాలును, ఒక బిడ్డకు గ్రుడ్డును, వేరొక బిడ్డకు వేరుసెనగపప్పును విషతుల్యములు కావచ్చును. ఆ సంగతి వడ్డించు చేతికి తెలియదు. తెలియకపోవుటచేత వేడుకనాడే ప్రాణాపాయము వచ్చిన సందర్భములు లోకమున గలవు. కావున నీ నెల మా పాఠకసోదరీమణులతో నీ విషయమును ముచ్చటింప దలచితిమి.

‘పడదు’ అను మాట

మన భాషలో ‘పడదు’ అనునది మిక్కిలి సౌకర్యమైన మాట. వంకాయ తిన్న దురద పుట్టువారును పడదందురు. పాలు త్రాగిన కడుపు ఉబ్బరించువారును పడదందురు. పెరుగు తిన్న జలుబు చేయునని భయపడువారును పడదందురు. కాకరకాయ చేదని యొల్లని పిల్లవాడును నాకు పడదనియే చెప్పును. ఇన్ని యర్థములు గల మాట గనుకనే విన్నవారు దానిని తేలికగా తీసికొందురు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఈ ‘పడదు’ లలో ముఖ్యముగా రెండింటిని వేరుపరుపవలెను. మొదటిది అరుగకపోవుట. పాలలో సహజముగా నుండు లాక్టోజు అను చక్కెరను అరిగించు శక్తి కొందరి ప్రేగులలో తక్కువ. అట్టివారు పాలు త్రాగినచో కడుపునొప్పి, వాయువు, విరేచనములు కలుగును. బాధయే గాని ప్రాణభయము లేదు. కొంచెము మజ్జిగ యైనచో వారిలో ననేకులకు సరిపడును. రెండవది ఎలర్జీ. శరీరమును రోగములనుండి కాపాడవలసిన శక్తియే పొరబడి, ఆహారములోని మాంసకృత్తును శత్రువని తలచి దానిపై తిరుగబడుట యిది. ఇందు పదార్థమెంత యనునది ప్రధానము కాదు. గరిటె యంచున నంటిన లేశము చాలును. కొన్ని నిమిషములలో ఒడలెల్ల దద్దురులు లేచి, పెదవులు, కనురెప్పలు వాచి, గొంతు పూడుకొనిపోవచ్చును.

ఈ వైపరీత్యమును వైద్యులు కనుగొని చాలకాలము కాలేదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పోల్ పోర్టియే అనువారు 1902లో సముద్రజీవి విషమును కుక్కలకు స్వల్పముగా నిచ్చి పరీక్షించిరి. మొదటిసారి తట్టుకొన్న కుక్కకే కొన్ని వారముల పిమ్మట మరల స్వల్పమైన మోతాదు నియ్యగా నది కొద్దిసేపటిలో ప్రాణములు విడిచెను. ఈ పరిశోధనకు రిషేగారికి 1913లో నోబెల్ బహుమానము లభించినది. ‘ఎలర్జీ’ యను పేరును 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. రక్తములో నీ పని చేయు పదార్థమును, అనగా నేడు ఐజీఈ యనబడుదానిని, 1966లో కనుగొన్నవారిలో అమెరికాలో పనిచేయుచుండిన జపాను దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా యనువారు ముఖ్యులు. ఈ శోధనలో నొక స్త్రీ సమానభాగస్వామిని యగుట మనకు సంతోషకరము.

రిషేగారి పరీక్షనుండి గృహిణులు నేర్వదగిన పాఠమొకటి కలదు. “మొన్న తిన్నాడు, ఏమీ కాలేదు” అనుట ధైర్యమునకు కారణము కాదు. పోయినసారి నాలుగు దద్దురులతో పోయినది గనుక ఈసారియు నంతతో పోవునను హామీ యెవ్వరును ఈయజాలరు.

ఏయే పదార్థములు, అవి యెక్కడ దాగియుండును

పిల్లలకు తరచుగా పడనివి పాలు, గ్రుడ్లు, వేరుసెనగ, జీడిపప్పు బాదము మొదలగు పప్పులు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు పీతలు, నువ్వులు. కొందరికి ఆవాలును, సెనగలును గూడ పడవు. పాశ్చాత్యదేశములలో కంటె మన దేశమున నీ వ్యాధి తక్కువయే. తక్కువ గనుకనే మనకు జాగ్రత్తయు తక్కువ. పాలు, గ్రుడ్లు పడని పసివారిలో పలువురకు వయసు వచ్చిన కొలది నది తగ్గిపోవును. వేరుసెనగ, జీడిపప్పు, చేపలు, రొయ్యలు పడనివారికి మాత్ర మది తరచు జీవితాంతము నిలిచియుండును.

పేరు తెలిసినంతమాత్రమున చాలదు. మన వంటలో నా వస్తువు వేయి రూపములతో సంచరించును. ఈ క్రిందివానిని మా సోదరీమణులు ప్రత్యేకముగా గమనింపగోరుచున్నాము.

పాలు పడని బిడ్డకు పెరుగు, మజ్జిగ, వెన్న, కోవా, పనీరు, పాలపొడి యేవియు పడవు. నెయ్యి కాచినది గనుక దోషము లేదని కొంద రందురు. కాచిన నేతిలోను పాల మాంసకృత్తు లేశముగా మిగిలియుండును. ఆవుపాలు పడనిచో గేదెపాలో మేకపాలో పోయుదమను ఆలోచనయు పనికిరాదు. వానిలోని మాంసకృత్తు లొండొంటిని బోలియుండుటచే నొకటి పడనివారికి రెండవదియు సాధారణముగా పడదు.

వేరుసెనగ మన చట్నీలలో, పులిహోరలో, చెక్కలలో, వేపుళ్లపై చల్లు పొడులలో నుండును. దీనిని కోస్తాలో వేరుసెనగపప్పనియు, తెలంగాణమున పల్లీలనియు, రాయలసీమలో సెనక్కాయలు, బుడ్డలనియు నందురు. వంటమనిషి ఏ ప్రాంతమువాడో కనుగొని యతని మాటలోనే చెప్పవలెను. ‘వేరుసెనగ వేయవద్ద’ని చెప్పినంతనే ‘పల్లీలు’ వేయుట మానివేయునని నమ్మరాదు. ఈనాడు పలువురు గానుగనూనె మేలని వాడుచున్నారు. వేరుసెనగ గానుగనూనెలో గింజలోని మాంసకృత్తు కొంత నిలిచియుండును గనుక ఆ నూనెతో వండినవియు నా బిడ్డకు పెట్టరాదు.

జీడిపప్పు పడనివారికి పిస్తాయు తరచు పడదు. ఆ రెండును ఒకే కుటుంబపు చెట్ల గింజలు. హోటలునుండి తెప్పించు కూరలలో చిక్కదనమునకై జీడిపప్పు ముద్ద కలుపుట సాధారణము. పైకి పప్పు కనబడదు.

గోధుమ పడని బిడ్డ సంగతి చెప్పునపుడు పూరీ, కేకు, సేమ్యాలు మనకు వెంటనే తోచును. ఇంగువ తోచదు. బజారులో దొరకు ముద్ద ఇంగువ, పొడి ఇంగువలలో తరచు గోధుమపిండి కలుపుదురు. మంచూరియా, నూడిల్సులలో పోయు సోయాసాసునందును గోధుమ సామాన్యముగా నుండును.

“ఒక్క ముక్కకేమవుతుంది?”

మన జాతికి ఆతిథ్యము గొప్ప గుణము. అతిథి వద్దన్నకొలదియు వడ్డించుట మర్యాద యని మన పెద్దలు నేర్పిరి. “మొగమాటపడుతున్నాడు, పెట్టవమ్మా” అని యొకరు, “ఒక్క ముక్కకేమవుతుంది?” అని యొకరు, “ఏమీ కాదులే, నేనున్నానుగా” అని వేరొకరు పలుకుదురు. ప్రేమచే పలుకు నీ మాటలే ఎలర్జీ గల బిడ్డకు శత్రువులు.

మే మెరిగిన యొక గృహమున జరిగినది చెప్పెదము. అయిదేండ్ల పాపకు వేరుసెనగ పడదు. తల్లి ఆ మాట ఇల్లాలితో చెప్పినది. ఇల్లాలు శ్రద్ధగలదే, వేరుసెనగ వేసిన పదార్థమేదియు పాపకు పెట్టనీయలేదు. కాని ఆ యింటి పెద్దావిడ, పిల్ల ఏమియు తినుటలేదని జాలిపడి, కొబ్బరిలడ్డు నొకదానిని చేతిలో పెట్టినది. లడ్డులో వేరుసెనగ లేదు. ఉదయము చట్నీ రుబ్బిన మిక్సీగిన్నెనే యొకసారి తొలిపి, అందులో కొబ్బరిని తిప్పిరి. అంతే. పావుగంటలో పాప పెదవులు వాచినవి, గొంతు బొంగురుపోయినది. చుట్టునున్నవారిలో నొకరు దిష్టి తగిలినదని యుప్పును మిరపకాయలును తెచ్చిరి. తల్లి మాత్రము క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవుటచే పాప బ్రతికి బయటపడినది. ఆ పెద్దావిడ పిమ్మట కన్నీరు పెట్టుకొని, “పడదంటే దగ్గో, దురదో అనుకున్నానమ్మా” అన్నదట.

ఆమెను నిందింపజాలము. మాటలో లోపమున్నది గాని మనసులో లేదు. అందుచేతనే మేము చెప్పునది: తల్లులు ‘పడదు’ అని యూరకొనక, తిన్నచో నేమగునో స్పష్టముగా చెప్పవలెను. పిలిచినవారు ‘పడదు’ అని విని యూరకొనక, తిన్న నేమగునో అడుగవలెను.

పిలుచునప్పుడే అడుగుట

పిలుపు పంపునప్పుడే, అనగా విందునకు వారము ముందుగా, ప్రతి బిడ్డ తల్లిని అడుగుట మంచిది. అందరిని అడిగినచో ఎవ్వరిని వేలెత్తి చూపినట్లుండదు. అడుగవలసినవి మూడు ప్రశ్నలు. “వదినగారూ, మీ బాబుకు తిండిలో పడనివి ఏమైనా ఉన్నాయా? పొరపాటున తింటే ఏమవుతుంది? దగ్గర ఏ మందు ఉంచుకుంటారు, ఎలా వాడాలి?” ఈ మూడవ ప్రశ్న నడుగుటకు చాలమంది సంకోచింతురు. సంకోచింపకుడు. ఆ ప్రశ్న విన్న తల్లి తన బిడ్డను నమ్మకముతో పంపగలదు. నిరుడు అడిగితిమి గదా యని యీయేడు మానరాదు. కొందరికి తగ్గియుండును, కొందరికి కొత్తగా వచ్చియుండును.

బిడ్డ తల్లికిని విధి కలదు. మొగమాటముచే చెప్పకుండుట, చెప్పినచో పిలువరేమో యని దాచుట, రెండును తగవు. ఏది పడదో, అది ఏయే వంటలలో నుండునో, ఆపదవచ్చినచో నేమిచేయవలెనో ఒక కాగితముపై తెలుగులో వ్రాసి, మందుతోపాటు ఇల్లాలి చేతికీయవలెను. చిన్నబిడ్డ యైనచో తానుగూడ వచ్చి కూర్చుండుట మేలు. నాలుగైదేండ్లు వచ్చిన బిడ్డకు, “అమ్మను అడిగి తింటాను” అను నొక్క వాక్యమును నేర్పవలెను. ఆ వాక్యము విన్న పెద్దలు దానిని పెంకితనముగా గాక తెలివిగా నెంచవలెను.

పంక్తిభేదము వలదు

ఇక ముఖ్యమైన సంగతికి వత్తము. అపాయము తప్పించుట సగము పని మాత్రమే. బిడ్డ మనసు మిగిలినది.

అందరి యెదుటను కేకు ముక్కలుండగా, ఒక మూల కుర్చీలో కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొన్న డబ్బా విప్పుకొను పిల్లవాని మొగము నెప్పుడైన చూచితిరా? అతనికి ప్రాణభయము లేదు, నిజమే. కాని ఆ సాయంకాలము ఆ పిల్లవాడు విందులో నున్నట్లా, వెలియైనట్లా? ఒకే పంక్తిలో కూర్చుండినవారికి వేర్వేరుగా వడ్డించుట పాపమని మన పూర్వులు చెప్పిరి. దానిని పంక్తిభేదమనిరి, వలపక్షమనిరి. పెద్దలకే యది కష్టముగా నుండునపుడు ఆరేండ్ల పసివాని సంగతి చెప్పనేల?

దీనికి మార్గము సులభమైనది. ఆ యొక్క బిడ్డకు వేరుగా వండుట గాక, ఆ బిడ్డ తినదగినవానినే యందరకు వండుట. ఒకరికై ముప్పదిమంది కోరిక చంపుకొనవలెనా యని యడుగుదురేమో. చంపుకొన నక్కరలేదు. మన తాతమ్మల వంటలలో పాలు, గ్రుడ్డు, గోధుమ, వేరుసెనగ, జీడిపప్పు ఒక్కటియు లేని రుచులు కావలసినన్ని కలవు. ఇరువదిమంది పిల్లలకు చాలు పట్టిక నొకదాని నిచ్చట వ్రాయుచున్నాము.

కొబ్బరిపాల పాయసము : పావుకిలో బియ్యమును మెత్తగా నుడికించి, నాలుగువందల గ్రాముల బెల్లమును కరగించి వడగట్టి అందులో పోసి కలియబెట్టవలెను. మూడు కొబ్బరికాయల పాలు తీసి, గిన్నె దింపిన పిమ్మట పోయవలెను. పొయ్యిమీద మరిగించినచో విరుగును. ఏలకులపొడి చాలును, జీడిపప్పునకు బదులు సన్నని కొబ్బరిముక్కలను కొబ్బరినూనెలో వేయించి వేసినచో రుచి యినుమడించును.

పూర్ణము బూరెలు : సెనగపప్పు, బెల్లము పూర్ణము, బియ్యము, మినపప్పు రుబ్బిన తోపు. నెయ్యి యక్కరలేదు. సెనగలు పడని బిడ్డ యుండినచో కొబ్బరి బెల్లము పూర్ణము చేయవచ్చును.

పులిహోర : వేరుసెనగ, జీడిపప్పు మాని, తాలింపులో సెనగపప్పును మినపప్పును హెచ్చుగా వేసినచో కరకరలాడుచు పిల్లలకు ప్రీతి కలిగించును. గోధుమ పడనివాడుండినచో ఇంగువను, ఆవాలు పడనివాడుండినచో ఆవాలను మానవలెను.

వీనికి తోడు గారెలు, అరటిపండ్లు, జామపండ్లు, చెరకురసమో నిమ్మరసమో ఉండినచో లోటేమి?

కేకు లేనిదే పుట్టినరోజెట్లని పిల్లలు పేచీపెట్టుదురు. వారి కోరికయు న్యాయమైనదే. కత్తితో కోయుటకు, దీపము నిలుపుటకు గుండ్రని వస్తువొకటి వలయును. గోదావరి మండలములలో చేయు దిబ్బరొట్టె నెరుగని తెలుగు గృహిణి యుండదు. మినపప్పు, బియ్యపురవ్వలతో మందముగా, ఎర్రగా కాల్చిన దానిని పళ్లెములో బోర్లించి, చుట్టును పండ్లముక్కలు పేర్చి, చెరకుపానకముతో పంచిపెట్టినచో నది కేకునకు తీసిపోదు. వేసవి యైనచో చెక్కుతీసిన పుచ్చకాయను గుండ్రముగా కోసి నిలిపి, దానిపై ద్రాక్షలను, దానిమ్మగింజలను అలంకరింపవచ్చును. పిల్లలు దానిని చూచి కేరింతలు కొట్టుట మేము కన్నులార చూచితిమి. వీనిలో నేదియైనను పడని బిడ్డ యుండవచ్చును గనుక తల్లికి పట్టిక చదివి వినిపించిన పిమ్మటనే పొయ్యి వెలిగింపవలెను.

కొనితెచ్చు వస్తువులు

ఇంట వండుటకు వీలులేక కొనితెచ్చువారు పొట్లముపై నున్న యక్షరములను చదువుట నేర్వవలెను. మన దేశమున ఆహారభద్రతా సంస్థవారు 2020లో చేసిన నియమముల ప్రకారము గ్లుటెన్ గల ధాన్యములు, రొయ్యలు పీతల వర్గము, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ మరియు ఇతర పప్పులు, సోయా, ఒక పరిమాణమునకు మించిన సల్ఫైటులు ఇందు కలవని పొట్లముపై వేరుగా ప్రకటింపవలెను. ఈ పట్టికలో నువ్వులు, ఆవాలు లేవు. వానికై వస్తువులో కలిపిన దినుసుల జాబితా నంతయు చదువవలసినదే. అమెరికాలో నున్న మన సోదరీమణులకు 2023 జనవరి 1వ తేదీనుండి నువ్వులును ప్రకటనలో చేరినవి. ఇంగ్లండులో నువ్వులతోపాటు ఆవాలును గలవు.

ఆకుపచ్చ గుర్తును చూచి మోసపోరాదు. అది శాకాహారమని మాత్రమే చెప్పును. పాలు, గోధుమ, వేరుసెనగ, జీడిపప్పు అన్నియు నా గుర్తు క్రిందనే వచ్చును. ‘ఎగ్‌లెస్’ కేకులో గ్రుడ్డు లేకపోవచ్చును గాని పాలును మైదాయు నుండును. విడిగా తూచి యమ్ము మిఠాయిలకు, బేకరీ కేకులకు తరచు చీటీయే యుండదు. ఒకే బల్లమీద, ఒకే కత్తితో అన్ని కేకులు కోయుదురు. దుకాణదారు “లేదమ్మా” అన్న నొక్క మాటపై పసిబిడ్డ ప్రాణము నుంచరాదు.

బడిలో పుట్టినరోజునాడు తరగతి నంతటికి చాక్లెట్లు పంచు నలవాటు మన పట్టణములలో వ్యాపించినది. పంచునపుడు చెంత తల్లియుండదు. పిల్లల కాగుట చేతకాదు. పెన్సిలు, రబ్బరు, చిన్న కథలపుస్తకము, పూలమొక్క విత్తనముల పొట్లము పంచినచో నందరకు సమానము. అవి మరునాటికిని మిగులును. ఇంటికి వచ్చిన పిల్లలకిచ్చు కానుకల విషయమును నింతే.

వడ్డనలో మెలకువలు

వంట శుభ్రముగా చేసియు వడ్డనలో చెడగొట్టుకొనువారు కలరు. ఒక గిన్నెలోని గరిటెను వేరొక గిన్నెలో పెట్టరాదు. గ్రుడ్డుబజ్జీలు, రొయ్యలు వేచిన నూనెలో గారెలు వేయరాదు. పడని పదార్థమేదైన తప్పనిసరిగా నుండవలసివచ్చినచో దానిని చివర తీయవలెను. ఎలర్జీగల బిడ్డకు మొట్టమొదట, మూతవిప్పని గిన్నెనుండి వడ్డింపవలెను.

కేకు కోసి ఒకరినోట నొకరు పెట్టుట, మొగమునకు పూయుట యీనాటి వేడుక. పాలు, గ్రుడ్డు పడని బిడ్డ మొగమున క్రీము పూయుట వేడుక కాదు, విపత్తు. ఆ యాటను మొదటనే మాన్పింపుడు. తిన్న పిమ్మట పిల్లలందరచేత సబ్బుతో చేతులు కడిగింపుడు. వట్టినీళ్లును, చేతికి రాచుకొను శానిటైజరును క్రిములకు పనికివచ్చునేమో గాని వేరుసెనగ జిడ్డులోని మాంసకృత్తును పోగొట్టజాలవు. సబ్బే వలయును, లేదా తడిగుడ్డతో గట్టిగా తుడువవలెను.

ఆపద వచ్చినచో

ఇంత చేసినను పొరపాటు జరుగవచ్చును. అప్పుడు గృహిణికి నిబ్బరము ముఖ్యము. నోటిచుట్టు నాలుగు దద్దురులు మాత్రమే లేచినచో తల్లిని పిలిచి, బిడ్డను కంటిచూపునుండి తప్పనీయక కనిపెట్టుకొని యుండవలెను. గొంతు బొంగురుపోవుట, ఎడతెగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరి యాడకపోవుట, నాలుక వాచుట, బిడ్డ వాలిపోవుట, ఒడలు పాలిపోవుట, దద్దురులతోపాటు మాటిమాటికి వాంతులగుట, వీనిలో నేది కనిపించినను క్షణము జాగుచేయరాదు. డాక్టరు వ్రాసియిచ్చిన అడ్రినలిన్ సూదిమందు వెంట నుండినచో డాక్టరు నేర్పిన ప్రకారము తొడ వెలుపలి కండలో వెంటనే యీయవలెను. లేనిచో దానికై వెదకుచు కూర్చుండక 108కు ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రికి చేర్పవలెను. ఆంధ్ర, తెలంగాణములలో నీ అంబులెన్సు సేవ 2005 నుండి కలదు.

బిడ్డను పండుకొనబెట్టి కాళ్లు కొంచెము ఎత్తుగా నుంచవలెను. ఊపిరి కష్టముగా నుండినచో కూర్చుండనీయవలెను. వాంతి యగుచున్నచో ప్రక్కకు త్రిప్పవలెను. లేపి నడిపింపరాదు. దురద కిచ్చు మాత్రలు, సిరపులు దద్దురులను తగ్గించునే గాని మూసికొనిపోవు గొంతును తెరువజాలవు. మజ్జిగ త్రాగించుట, పసుపు పూయుట, దిష్టితీయుట మొదలగువానితో గడపిన పది నిమిషములు మరల రావు. కొంత తెరిపియిచ్చిన పిమ్మట కొన్ని గంటలకు మరల తిరుగబెట్టుటయు కలదు గనుక డాక్టరు పొమ్మనువరకు ఆసుపత్రి విడువరాదు.

భయము హద్దు దాటరాదు

ఇది చదివి మా సోదరీమణులు పిల్లలకు అన్నిటిని మానిపింతురేమో యని మాకొక శంక. అట్లు చేయవలదు. పరీక్షలేక, డాక్టరు చెప్పక, పొరుగువారి మాటపై పాలు, గ్రుడ్లు మానిపించినచో బిడ్డ పెరుగుదలయే చెడును. పైగా పసితనమున దాచిపెట్టుట కొన్నిటి విషయమున కీడే చేయునని తేలినది. లండనులో 640 మంది పసిబిడ్డలపై చేసిన పరిశోధన 2015లో వెలువడినది. వారందరు తీవ్రమైన తామరయో, గ్రుడ్డు ఎలర్జీయో గలవారు. నాలుగు నెలలు నిండి పదునొకండు నెలల లోపల వేరుసెనగ తినిపింప మొదలిడినవారిలో అయిదేండ్లకు నూటికి సుమారు ముగ్గురికి మాత్రమే ఎలర్జీ కనబడగా, మానిపించినవారిలో నూటికి సుమారు పదునేడుగురకు కనబడెను. ఆరవనెలలో అన్నప్రాశన చేసి క్రమముగా నన్ని రుచులు నలవాటుచేయు మన యాచారము మంచిదే యని దీనివలన తోచుచున్నది. తీవ్రమైన తామర గల బిడ్డకు మాత్రము ముందుగా డాక్టరు నడుగవలెను. పసిబిడ్డలకు గింజలు గింజలుగా నెన్నడును పెట్టరాదు; గొంతున నడ్డుపడును. మెత్తని ముద్దగా కలిపి పెట్టవలెను.

సోదరీమణులారా, వచ్చిన బిడ్డలందరు కడుపునిండ తిని, నవ్వుచు నిలు చేరుటయే విందునకు సార్థకత. ఒక బిడ్డ ఆకలితో పోయినను, ఒక బిడ్డ అవమానముతో పోయినను, ఒక బిడ్డ ఆసుపత్రికి పోయినను మిగిలిన యాడంబరమంతయు వ్యర్థము. మూడు ప్రశ్నలడుగుటకు మూడు నిమిషములు పట్టును. జీడిపప్పునకు బదులు కొబ్బరిముక్క వేయుట కంతకూడ పట్టదు. ఈ నెల మీ యింట పుట్టినరోజు గల బిడ్డ యుండినచో, పిలుపుల పట్టిక వ్రాయు కాగితముననే, ప్రతి పేరు కెదురుగా ‘ఏది పడదు, తిన్న నేమగును’ అని రెండు గళ్లు గీసికొనుడు. ఆ గళ్లు నింపిన పిమ్మటనే వంటకముల పట్టిక వ్రాయుడు.